మీ సర్వర్లలో నా చిన్న టూల్ ఉంది, దానికి రెండో మనిషి కావాలి

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో సర్వర్ టీములను నడిపే మేనేజర్లకు,

నమస్కారం.

నేను మూసాపేటలో ఉంటాను. పగలు ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక ఒక గంట, ఆదివారం ఇంకో రెండు గంటలు ఒక కమాండ్ లైన్ టూల్ బాగోగులు చూసుకుంటాను. సీపీయూలిమిట్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. నాదీ ఆ కోవలోదే. ఏదైనా ప్రోగ్రామ్ ప్రాసెసర్‌ను మొత్తం మింగేస్తుంటే, ఇంతకు మించి వాడొద్దని దానికి కళ్లెం వేస్తుంది. అంతే దాని పని. (నడుస్తున్న ప్రోగ్రామ్‌నే మేం ప్రాసెస్ అంటాం.) వెయ్యి లైన్ల కోడ్ కూడా ఉండదు. టూల్ పేరు ఇక్కడ రాయడం లేదు, రాస్తే ప్రచారం కోసం అనుకుంటారు. వాడుతున్నవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం రాత్రి రెండున్నరకు వచ్చిన ఒక ఫోన్.

మొన్నటి ఎండాకాలం సంగతి. కరెంటు పోయి వచ్చి, కూలర్ అప్పుడే మళ్లీ తిరగడం మొదలైంది. ఆ టైమ్‌లో ఫోన్ మోగితే మన ఇళ్లల్లో ముందు ఊళ్లో ఉన్న పెద్దవాళ్లే గుర్తొస్తారు. మా ఆవిడ లేచి కూర్చుంది, "ఎవరికి ఏమైంది?" అంటూ. ఎవరికీ ఏమీ కాలేదు. గచ్చిబౌలిలో ఒక కంపెనీ, నైట్ షిఫ్ట్‌లో ఉన్న ఒక కుర్రాడు. నా నంబర్ మా పాత కొలీగ్ దగ్గర తీసుకున్నాడట.

"సారీ సార్, ఈ టైమ్‌లో. మీ టూల్ మా రిపోర్టుల ప్రాసెస్‌ను చంపేసింది సార్. పొద్దున ఆరింటికల్లా క్లయింట్‌కి పోవాలి."

"చంపడం దానికి చేతకాదు నాయనా. లిస్టులో ప్రాసెస్ ఇంకా కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది సార్. కానీ కదలట్లేదు."

"స్టేట్ కాలమ్‌లో ఏ అక్షరం ఉందో చూడు."

కాసేపు కీబోర్డు చప్పుడు. "టీ ఉంది సార్."

"అయితే బతికే ఉంది. ఎవరో ఆపి వదిలేశారు. కిల్ మైనస్ కంట్ కొట్టి, పక్కన దాని నంబర్ ఇయ్యి."

"కిల్లా సార్?" భయపడ్డాడు. పేరు అలా ఉంది గానీ ఆ కమాండ్ చేసేది సిగ్నల్ పంపడమే, ఇది 'ఇక నడువు' అనే సిగ్నల్ అని నచ్చజెప్పాల్సి వచ్చింది. కొట్టాడు. "కదిలింది సార్!" అన్న కేక పక్కనున్న మా ఆవిడకు కూడా వినిపించింది.

వాడు హాయిగా ఫోన్ పెట్టేశాడు. నాకు మాత్రం ఇక నిద్ర పట్టలేదు. ఎవరు ఆపారు, ఎందుకు వదిలేశారు?

అది చెప్పాలంటే టూల్ ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. ప్రాసెసర్ వాడకం తగ్గించడమంటే ప్రోగ్రామ్ నెమ్మదిగా నడుస్తుందని చాలామంది అనుకుంటారు. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర బండి నెమ్మదిగా పోతుందా? ఆగుతుంది. పచ్చ లైటు పడ్డాక మళ్లీ తన స్పీడులోనే పోతుంది. ఇంటికి చేరాక లెక్క వేసుకుంటే సగటు వేగం తగ్గి ఉంటుంది. ఇక్కడా అంతే. 25 శాతం అని పెట్టారనుకోండి. 100 మిల్లీసెకన్లను ఒక ముక్కగా తీసుకుని, అందులో దాదాపు 25 మిల్లీసెకన్లు ప్రోగ్రామ్‌ను నడవనిస్తుంది, మిగతా 75 ఆపేస్తుంది. ఆపడానికి సిగ్‌స్టాప్, కదిలించడానికి సిగ్‌కంట్. సిగ్‌స్టాప్ వస్తే ఏ ప్రోగ్రామూ నేను ఆగను అనడానికి లేదు. కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఆ అవకాశమే ఇవ్వదు. అందుకే ఈ పద్ధతి ఏ ప్రోగ్రామ్ మీదైనా పనిచేస్తుంది. చిక్కు కూడా అందులోనే ఉంది.

ఆ కంపెనీలో మా టూల్‌ను 70 దగ్గర పెట్టి, రాత్రి జాబ్ మీద తోలారు. బాగానే ఉంది. అయితే వాళ్ల దగ్గరే ఇంకొకాయన రాసిన క్లీనప్ స్క్రిప్ట్ ఒకటుంది. ఆరు గంటలకు మించి నడుస్తున్న చిల్లర ప్రాసెస్‌లను కిల్ మైనస్ 9తో, అంటే అక్కడికక్కడే చంపేసే సిగ్నల్‌తో, లేపేస్తుంది. దాని కంటికి మా టూల్ కూడా చిల్లర ప్రాసెసే. మామూలుగా ఆగిపొమ్మంటే మా టూల్ పోతూ పోతూ తాను ఆపిన ప్రోగ్రామ్‌ను కదిలించి పోతుంది. 9 కొడితే ఆ వ్యవధి ఉండదు. కట్టేసినవాడు పోయాడు, కట్టు అలాగే ఉండిపోయింది.

మరి అంతకు ముందు రాత్రుళ్లు ఎందుకు కాలేదు? ప్రతి 100 మిల్లీసెకన్లలో 70 నడక, 30 ఆగడం. 9 దెబ్బ ఆ 30లో పడితేనే ప్రోగ్రామ్ గడ్డకట్టేది. 70లో పడితే కళ్లెం ఊడిపోయి ప్రోగ్రామ్ ఇష్టం వచ్చినట్టు పరిగెడుతుంది, ఎవరూ గమనించరు. అంటే పదింటికి ఏడు రాత్రుళ్లు అదృష్టం మీద నడిచిన వ్యవహారం.

ఇదంతా వివరంగా ఆ కుర్రాడికి రాసి పంపాను. రెండు రోజుల తర్వాత వాళ్ల ఆఫీసు నుంచి ఇంకో మెయిల్. ఈసారి కుర్రాడు రాయలేదు, కాపీలో పదకొండు మంది ఉన్నారు. రూట్ కాజ్ అనాలిసిస్ 24 గంటల్లో, వాళ్ల ఫార్మాట్‌లో ఇవ్వాలట. దాంతోపాటు ఒక ఎక్సెల్ షీటు: మీ సంస్థ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, ఉద్యోగుల సంఖ్య, రాత్రివేళ సపోర్ట్ ఏర్పాట్లు. ఉద్యోగుల సంఖ్య దగ్గర 1 అని రాశాను. రాత్రివేళ సపోర్ట్ దగ్గర కూడా 1 అనే రాశాను. వెటకారం కాదు, నిజమే రాశాను.

టూల్ లైసెన్సు జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు రెండో వెర్షన్, 1991 నాటిది. ఎలాంటి వారంటీ లేదని అందులో పెద్దక్షరాల్లోనే ఉంటుంది. అది చూపించి తప్పించుకుందామని ఈ ఉత్తరం మొదలుపెట్టలేదు. ఆ కుర్రాడి పని పోతుందేమోనన్న భయం నాకూ అర్థమవుతుంది. నేనూ నైట్ షిఫ్టులు చేసినవాణ్ణే.

ముందు ఒక మాట. మీ సర్వర్లలో చాలా వాటికి నా టూల్ అవసరం లేదు. చేసేవాడే ఇలా అంటున్నాడేమిటని అనుకోవచ్చు. లైనక్స్‌లో ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి హద్దులు పెట్టే సీగ్రూప్స్ 2008లో కెర్నెల్ 2.6.24తోనే వచ్చాయి. ఇంత శాతానికి మించి ప్రాసెసర్ ఇవ్వొద్దని గట్టి హద్దు పెట్టే ఏర్పాటు 2012లో 3.2తో వచ్చింది. సర్వీసులను మొదలుపెట్టి నడిపించే సిస్టమ్‌డీ ఉన్న మెషిన్ అయితే సర్వీస్ ఫైల్లో సీపీయూకోటా అని ఒక్క లైను రాస్తే చాలు. కంటైనర్లకు మీరు పెట్టే సీపీయూ లిమిట్ కూడా లోపల ఇదే. అక్కడ సిగ్నళ్లు ఉండవు, కాపలాదారు ఉండడు. లెక్కంతా కెర్నెల్ చూసుకుంటుంది, పిల్ల ప్రాసెస్‌లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఎవడో 9 కొడితే గడ్డకట్టే బాధ లేదు.

డేటాబేస్ మీద మాత్రం నా టూల్ దయచేసి పెట్టకండి. లాక్ పట్టుకున్న క్షణంలో దాన్ని ఆపితే, ఆ లాక్ కోసం క్యూలో ఉన్నవాళ్లందరూ ఆగుతారు. అవతలి మెషిన్‌కేమో కనెక్షన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఇవతలివైపు కెర్నెల్ ప్యాకెట్లు తీసుకుంటూనే ఉంటుంది కాబట్టి. జవాబు మాత్రం రాదు. ఇంట్లో లైటు వెలుగుతుంటుంది, తలుపు ఎవరూ తీయరు. ఇంకొకటి, ఎనిమిది కోర్ల మెషిన్‌లో 50 అని పెట్టి, మెషిన్‌లో సగం వాడట్లేదేమిటని అడుగుతారు. ఒక కోర్ అంటే 100. ఎనిమిది కోర్లంటే 800. మీరు ఇచ్చింది అర కోర్.

మరి ఇది ఎక్కడ పనికొస్తుంది? రూట్, అంటే అడ్మిన్, పర్మిషన్ లేని చోట, మీ సొంత ప్రాసెస్ ఒక్కదానికే. సీగ్రూప్సే లేని మ్యాక్ మీద. ఒక్కసారి నడిపి మరిచిపోయే పెద్ద కంప్రెషన్ మీద, వీడియో మార్చే పని మీద. నేను రాసుకున్నదే అలాంటి దానికి. మే నెలలో, బయట 42 డిగ్రీలున్న రోజున, నా పాత లాప్‌టాప్‌లో పెద్ద కంపైల్ పెడితే ఒళ్లో పెట్టుకోవడానికి లేకుండా కాలిపోయేది. అరగంటకు తనంతట తానే ఆఫ్ అయ్యేది. ప్రోగ్రామ్ ప్రాధాన్యం తగ్గించే నైస్ కమాండ్ వాడొచ్చు కదా అన్నారు. నైస్ 19 పెడితే ప్రోగ్రామ్ క్యూలో అందరికంటే వెనక నిలబడుతుంది, నిజమే. క్యూలో ఇంకెవరూ లేకపోతే నేరుగా కౌంటర్ దగ్గరికే పోతుంది కదా. ప్రాసెసర్ అప్పుడూ నూరు శాతమే, వేడి అప్పుడూ అంతే. వేడి తగ్గాలంటే మధ్యమధ్యలో ఆపాల్సిందే. అలా పుట్టింది.

పుట్టించడం తేలికే. సాకడం గురించి ఎవరూ అడగరు.

ఒక్క లైను మార్చకపోయినా కోడ్ చెడిపోతుందంటే మా నాన్న నమ్మడు. "ఇనుమా తుప్పు పట్టడానికి?" అంటాడు. 2020 ఆగస్టులో లైనక్స్ ప్రోగ్రామ్‌లు చాలావరకు ఆధారపడే సీ లైబ్రరీ, జీలిబ్‌సీ, 2.32 వచ్చింది, అందులో సిస్‌కంట్రోల్ హెడర్ ఫైలు తీసేశారు. ఎప్పుడో అవసరమై పెట్టిన ఆ ఒక్క ఇన్‌క్లూడ్ లైను వల్ల కొత్త మెషిన్లలో టూల్ కంపైలే కాలేదు. కోడ్ ముట్టుకున్నది లేదు, తుప్పు పట్టింది. సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఎక్కడ ఏది పగిలిందో కనిపెట్టి, పాత మెషిన్లలో మళ్లీ పగలలేదని చూసుకోవడానికి రెండు ఆదివారాలు పట్టాయి.

ఇప్పుడు ఒక అబ్బాయి గురించి చెప్పాలి.

సూర్యాపేట నుంచి వచ్చి ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ కోర్సు చేస్తున్నవాడు. ఒక రాత్రి మెయిల్ పెట్టాడు, "అన్నా, ఫైర్‌ఫాక్స్ మీద 30 పెడితే 40 దాటి పోతున్నది, నేనేమన్నా తప్పు చేస్తున్ననా?" అని. నేను మామూలుగానే వెర్షన్ ఎంత, కెర్నెల్ ఎంత అని అడిగి ఊరుకున్నాను. వారం తర్వాత మళ్లీ రాశాడు. ఈసారి ప్రశ్న లేదు, జవాబు ఉంది.

లైనక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కూ ప్రాక్ అనే ఫోల్డర్ కింద స్టాట్ అని ఒక ఫైలు ఉంటుంది. అందులో ఒకే ఒక్క లైను. మొదట ప్రాసెస్ నంబర్, తర్వాత బ్రాకెట్లలో పేరు, తర్వాత స్టేట్ అక్షరం, ఇలా యాభైకి పైగా అంశాలు. 14వది ప్రోగ్రామ్ తన కోసం వాడుకున్న టైము, 15వది దాని తరఫున కెర్నెల్ ఖర్చుపెట్టిన టైము. ఈ రెండూ కలిపితే ఎంత ప్రాసెసర్ వాడిందో తెలుస్తుంది. నేను ఆ లైనును ఖాళీల దగ్గర ముక్కలు చేసి లెక్కపెట్టుకుంటూ పోయాను. ఫైర్‌ఫాక్స్ తన ప్రాసెస్‌కు పెట్టుకున్న పేరు వెబ్ కంటెంట్. మధ్యలో ఖాళీ! ఒక ముక్క రెండు ముక్కలయింది, అక్కడి నుంచి అంకెలన్నీ ఒక అడుగు పక్కకు జరిగాయి. నేను 14, 15 అనుకుని చదువుతున్నవి నిజానికి 13, 14. కెర్నెల్ టైము అసలు లెక్కలోకే రావడం లేదు. అందుకే 30 పెడితే 40.

ఆ అబ్బాయి పంపిన దిద్దుబాటు నాలుగు లైన్లు. ఎడమ నుంచి కాకుండా కుడి చివర నుంచి వెనక్కి వస్తూ మూసే బ్రాకెట్‌ను వెతకాలి, అది దొరికాక అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. ఎడమ నుంచి మొదటి బ్రాకెట్ చూస్తే చాలదా అని అడిగాను, పరీక్షించడానికే. "పేర్లనే బ్రాకెట్ ఉంటే ఎట్ల అన్నా? ఎస్‌డీ-పామ్ చూడు" అన్నాడు. నిజమే. సిస్టమ్‌డీ వాడే ఆ ప్రాసెస్ పేరులోనే బ్రాకెట్లున్నాయి, స్టాట్ ఫైల్లో జంట బ్రాకెట్లతో వస్తుంది. నాకు ఆ సంగతి తట్టలేదు. అన్నేళ్లుగా చూసుకుంటున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

తర్వాత ఎనిమిది నెలలు ఇద్దరం కలిసి పనిచేశాం. ఆదివారం వాళ్ల హాస్టల్ కింద టిఫిన్ బండి దగ్గర కలిసేవాళ్లం. ఉప్మా పెసరట్టు తింటూ ప్యాచ్‌లు, అంటే కోడ్ దిద్దుబాట్లు, చూసేవాళ్లం. టూల్ తాళాలు వాడికి కూడా ఇచ్చేద్దామనుకున్నాను, అంటే నేరుగా మార్పులు చేసే హక్కు. అంతలో ఉద్యోగం వచ్చింది. మీలాంటి ఒక పెద్ద కంపెనీలోనే. స్వీట్ బాక్స్ తెచ్చాడు. నెల తిరక్కుండా మొహం చిన్నబుచ్చుకుని ఫోన్ చేశాడు. "అగ్రిమెంట్ల ఉంది అన్నా. నేను రాసే కోడ్ ఏదైనా, ఇంట్ల రాసినా, కంపెనీదే అవుతదట. పర్మిషన్ అడిగితే ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఫార్మాట్ లేదు అన్నరు."

ఆ కంపెనీ సర్వర్లలో నా టూల్ నడుస్తోంది. వాడే చెప్పాడు. వాడు రాసిన ఆ నాలుగు లైన్లు అక్కడ రోజూ పనిచేస్తున్నాయి, వాడు మాత్రం ఐదో లైను రాయడానికి లేదు.

ఎవరో ఒకరికి ఇచ్చేయవచ్చు కదా తాళాలు అంటారేమో. నిరుడు ఒకాయన రాశాడు. పేరు వింటే ఏ దేశమో తెలియదు, ఫొటో లేదు. చాలా మర్యాదగా, మీరు అలిసిపోయినట్టున్నారు, నేను చూసుకుంటాను అన్నాడు. మంచివాడే కావచ్చు. కానీ నాకు ఎక్స్‌జెడ్ గుర్తొచ్చింది. దాదాపు ప్రతి లైనక్స్ మెషిన్‌లో ఉండే కంప్రెషన్ లైబ్రరీ అది, ఏళ్ల తరబడి ఒక్క మనిషి చేతి మీద నడిచింది. 2022లో ముక్కూమొహం తెలియని కొన్ని పేర్లు ఆయన మీద పడ్డాయి, ఎందుకింత ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి ఇవ్వు అని. ఆ ఇంకొకరు అప్పటికే ఓపిగ్గా ప్యాచ్‌లు పంపుతూ పక్కనే ఉన్నాడు. 2024లో అతని చేతుల మీదుగానే దొంగదారి లోపలికి వచ్చింది. ఆ మార్చి నెలాఖరులో అది ఎలా బయటపడిందో తెలుసు కదా? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన మెషిన్‌లో దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ ప్రాసెస్‌లు అనవసరంగా ప్రాసెసర్ తింటున్నాయని, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి తవ్వాడు. ప్రాసెసర్ వాడకం చూసే అలవాటున్న ఒక మనిషి దొరకడం వల్ల ప్రపంచం ఒడ్డున పడింది. నాలాంటి వాళ్లకు ఆ వార్త చదివినప్పుడు కలిగిన గర్వం, భయం రెండూ ఇంతా అంతా కాదు.

ఆ మర్యాదస్తుడికి ఇప్పటికీ జవాబు రాయలేదు. రాస్తే ఏమని రాయను? నువ్వెవరో చూపించమంటే తప్పు. నమ్మి ఇచ్చేస్తే, మీ సర్వర్లలో ఏ ప్రాసెస్‌నైనా ఆపగల టూల్ తాళం ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టినట్టు.

అందుకే రెండో మనిషి ఈ ఊరివాడైతే బాగుంటుందని నా కోరిక. ఎదురుగా కూర్చుని చాయ్ తాగగలిగినవాడు, నాకు రేపు ఏదైనా అయితే మా ఇంటి తలుపు తట్టి లాప్‌టాప్ ఏదని మా ఆవిడను అడగగలిగినవాడు. మీ దగ్గర అలాంటి పిల్లలు ఉన్నారు. ఆ సూర్యాపేట అబ్బాయి ఒక్కడే కాదు. నాకు వచ్చే బగ్ మెయిళ్లలో కొన్ని చూస్తే తెలుస్తుంది, ఇది రాసినవాడు ఇంకో పది నిమిషాలు కూర్చుంటే దిద్దుబాటు కూడా రాసేవాడని. ఆఫీసు అడ్రసు నుంచి వచ్చినవి అక్కడితో ఆగిపోతాయి.

డబ్బు అడగడం లేదు. విరాళం ఇస్తామని ఒకటి రెండు కంపెనీలు అన్నాయి కూడా, దానికి జీఎస్టీ నంబర్ కావాలట, నా దగ్గర లేదు, కథ కంచికి పోయింది. అడిగేది ఒక కాగితం. మా ఉద్యోగి ఫలానా, ఫలానా టూల్ మీద తన సొంత టైమ్‌లో పనిచేయవచ్చు, అందులో రాసిన కోడ్ మీద మాకు హక్కు లేదు అని మూడు లైన్లు, కింద ఒక సంతకం. ఫార్మాట్ లేదు అన్నారు కదా, పైన రాసిందే ఫార్మాట్ అనుకోండి. మీ లీగల్ వాళ్లు ఇంకో రెండు పేజీలు కలుపుతారు, కలపనివ్వండి. దాంతోపాటు నెలలో రెండో శనివారం పూట ఆ మనిషికి ఆన్‌కాల్ వేయకుండా ఉంటే అదే పదివేలు.

వాడికి మొదటి పని కూడా సిద్ధంగా ఉంది, ఇది చదివే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రాసెస్ నంబర్లు అయిపోతే కెర్నెల్ మళ్లీ మొదటికొస్తుంది. పాత మెషిన్లలో ఆ హద్దు 32768 దగ్గరే. మనం పట్టుకున్న ప్రాసెస్ చచ్చిపోయి, అదే నంబర్ ఇంకోదానికి వస్తే, మా టూల్ సంబంధం లేనిదాన్ని ఆపుతుంది. ప్రస్తుతం స్టాట్ ఫైల్లో 22వ అంకె, అంటే ప్రాసెస్ పుట్టిన టైము, సరిపోల్చుకుని సిగ్నల్ పంపుతున్నాను. చూడటానికీ పంపడానికీ మధ్య ఇంకా సందు ఉంది. దాన్ని పూడ్చాలంటే నంబర్‌కు బదులు ఆ ప్రాసెస్‌నే పట్టి ఉంచే పిడ్ఎఫ్‌డీ వాడాలి, అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌కు దాన్ని తెరిచే వీలు కెర్నెల్ 5.3 నుంచి ఉంది. కానీ మీలో కొందరు ఇంకా సెంటోస్ 7 అనే పాత లైనక్స్ మీదే ఉన్నారు, 2024 జూన్‌తో దాని గడువు తీరినా. దాని కెర్నెల్ 3.10. కాబట్టి కొత్త దారి వేయాలి, పాత దారీ మూయకూడదు, రెండిటి మీదా పరీక్షించాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి ఎస్ఆర్ నగర్‌లో ఆ టిఫిన్ బండి దగ్గరే ఉంటాను. పరీక్షలకు రెండు పాత లాప్‌టాప్‌లు తెస్తాను, ఒకదాంట్లో సెంటోస్ 7 ఉంది, ఫ్యాన్ కాస్త చప్పుడు చేస్తుంది. ఛార్జర్ మాత్రం ఒకటే ఉంది. వచ్చేవాళ్లను ఒకటి తెచ్చుకోమనండి, సన్న పిన్నుది.

ఇట్లు,
ఆ టూల్ చూసుకునే మనిషి,
మూసాపేట, హైదరాబాద్